పేరు చీటీలో ఉన్నదా, పువ్వులో ఉన్నదా?

 

ఈ వారం ఒక చిన్న మొక్క గురించి రాస్తున్నాం. బడిలో సైన్సు చదివినవాళ్ళకు డ్రాసిరా అనే పేరు గుర్తుండే ఉంటుంది. కీటకాహార మొక్కలు ఏవి అని పరీక్షలో అడిగితే రాసేవాళ్ళం కదా, అదే. ఆకు మీద ఎర్రటి సన్నని వెంట్రుకలుంటాయి. ఒక్కొక్క వెంట్రుక కొసన ఒక జిగురు బొట్టు ఉంటుంది. ఎండ పడితే మంచుబొట్టులా మెరుస్తుంది. దోమో చీమో వాలిందంటే అంటుకుంటుంది. చుట్టుపక్కల వెంట్రుకలు దాని మీదికి వంగుతాయి. సారం లేని నేలలో పెరుగుతుంది కాబట్టి నేల ఇవ్వనిదాన్ని పురుగు నుంచి తీసుకుంటుంది. ప్రపంచంలో ఈ జాతి మొక్కలు 200 రకాలకు పైగా ఉన్నాయి.

మన యువకుడొకరు కొన్నేళ్ళుగా వీటిని ఇష్టంగా పెంచుతున్నారు. కొన్ని మొక్కలుగా కొన్నారు, కొన్ని విత్తనాలుగా తెప్పించుకున్నారు. ఉద్యోగానికని బెంగళూరు పోయేటప్పుడు ఐదు కుండీలు మా ఇంటి అరుగు మీద పెట్టి, "అయ్యగారూ, అమ్మగారూ, బోరు నీళ్ళు మాత్రం పోయొద్దు, చచ్చిపోతయి" అని ఒకటికి నాలుగుసార్లు చెప్పి వెళ్ళారు. ఆ మాట నిజం. మన బోరు నీళ్ళలో లవణాలు ఎక్కువ. వీటి వేర్లు వాటిని తట్టుకోలేవు. అందుకని వానాకాలంలో చూరు నీళ్ళు పట్టిపెట్టుకున్నాం. వాన లేనప్పుడు ఫిల్టర్ నీళ్ళ క్యాను వాడినాం. కుండీ కింద పళ్ళెం పెట్టి అందులో రెండు వేళ్ళ లోతు నీళ్ళు ఉంచితే చాలు. ఎరువు వేయకూడదు. మట్టి కూడా మామూలుది పనికిరాదు, కడిగిన కొబ్బరిపొట్టూ ఇసుకా కలిపి పోయాలి.

ఆరాధనకు వచ్చినవాళ్ళంతా ఆ కుండీల దగ్గర ఆగేవాళ్ళు. ఒక అవ్వ వేలితో ముట్టి, "గిదేం చెట్టయ్యా, బంక బంక అంటుతున్నది" అన్నది. పిల్లలు చీమలు పట్టుకొచ్చేవాళ్ళు. ఒక్కొక్క కుండీలో ఒక ప్లాస్టిక్ చీటీ, దాని మీద మార్కర్‌తో రాసిన పేరు: బర్మానై, ఇండికా, పెల్టేటా, ఎలీసియే, స్పాతులేటా. మా వరకు ఆ చీటీ మీద ఏముంటే అదే ఆ మొక్క.

అసలు విషయం వినాయక చవితి సెలవుల్లో మొదలైంది. ఆ యువకుడు ఫోన్ చేసి ఇట్లా అన్నారు: "అయ్యగారూ, ఇండికా కుండీలో విత్తనం అయితుంది కదా. ఇండికా అంటే మన దేశపు మొక్క. మన తెలుగు నేల మీద సహజంగా పెరిగేదే. విత్తనం ఎండినాక మన చెరువు అంచున ఇసుకలో చల్లుదాం. వానలకు మొలుస్తయి. మన మొక్క మన ఊర్లో ఉంటది."

మంచి ఆలోచనే అనిపించింది. యువకుల కూటంలో చెబితే పదిమంది ముందుకొచ్చారు. సంగంబండ రిజర్వాయరు దాకా పోదామని కూడా అనుకున్నారు. అప్పుడు డిగ్రీలో బాటనీ చదువుతున్న మన అమ్మాయి ఒకరు లేచి ఒకే ఒక ప్రశ్న అడిగారు. "చల్లే ముందు, అది ఇండికానే అని ఎవరు చూసిన్రు?"

ఎవ్వరం చూడలేదు. చీటీ చూశాం, అంతే. వచ్చే ఆదివారాల్లో ఐదు కుండీలనూ ఒక్కొక్కటిగా చూద్దామని ఆ రోజు తీర్మానించుకున్నాం. కంసాలి వాడే పదిరెట్ల భూతద్దం ఒకటి సంపాదించాం. ఆ అమ్మాయి చెబుతుంటే మేము చూస్తూ, రాసుకుంటూ పోయాం. నేర్చుకున్నది మీతో పంచుకుంటాం.

మొదటి కుండీ బర్మానై. నేలకు అంటుకుని గుండ్రంగా, రూపాయి బిళ్ళంత వెడల్పున ఉంటుంది. ఆకు మొదట్లో సన్నగా, కొసకు వెడల్పుగా, మేకు ఆకారంలో ఉంటుంది. అంచున ఉండే పొడుగు వెంట్రుకలు చీమ తగిలీ తగలగానే చూస్తుండగానే లోపలికి మడుస్తాయి. పిల్లలు దీన్నే ఎక్కువ ఇష్టపడ్డారు. సన్నని కాడ మీద తెల్లని పువ్వు పూసింది. పువ్వు నడుమ అండాశయం మీద కీలాలు లెక్కపెట్టమన్నారు ఆ అమ్మాయి. ఐదు. ఏదీ చీలి లేదు. అది బర్మానై గుర్తు. చీటీ సరైనదే. డచ్చి వైద్యుడు యోహానెస్ బర్మన్ 1737లో సింహళపు మొక్కల మీద పుస్తకం వేశారు. ఆయన పేరు మీదనే మార్టిన్ వాల్ 1794లో ఈ మొక్కకు ఈ పేరు పెట్టారు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇసుకపాటి తడి నేలల్లో ఇది ఉంది.

రెండవ కుండీ ఎలీసియే. ఆ మొక్క దక్షిణాఫ్రికాది. ఆకులు గులాబీ పువ్వు రేకుల్లా నేలకు పరుచుకుని గుండ్రంగా ఉండాలి. మా కుండీలో ఉన్నదేమో పైకి లేచిన పట్టీల్లాంటి ఆకులు, పొడుగు కాడలు, పురుగు పడితే ఆకు మొత్తం దాని చుట్టూ చుట్టుకుంటుంది. అది కేపెన్సిస్. అదీ దక్షిణాఫ్రికాదే, కాని వేరే మొక్క. మరి ఎలీసియే ఏమైంది? కేపెన్సిస్ తన పువ్వుతో తానే విత్తనం కట్టుకుంటుంది, అదీ పొడిలా లెక్కలేనంత. పక్క కుండీలో రాలితే అక్కడ మొలుస్తుంది. అసలు మొక్క ఎండిపోతే ఇది దాని చోట్లో, దాని చీటీ కింద నిలబడుతుంది. ఏదో అరుదైన రకం అని విత్తనం తెప్పించుకుంటే కేపెన్సిస్ మొలిచిందని వీటిని పెంచేవాళ్ళు దేశదేశాల్లో చెప్పుకుని నవ్వుకుంటారట.

మూడవ కుండీ స్పాతులేటా. దీనికి టోకైయెన్సిస్ అనే దగ్గరి చుట్టం జపానులో ఉంది. స్పాతులేటాకూ రోటుండిఫోలియా అనే మరో మొక్కకూ కలిసి పుట్టిన సంతతి అది. ఆకు చూసి కొంత చెప్పవచ్చు: స్పాతులేటా ఆకు గరిటెలా మెల్లగా వెడల్పు అవుతుంది, టోకైయెన్సిస్‌కు కాడా ఆకూ వేరువేరుగా తెలుస్తాయి. కాని ఎండ ఎక్కువైనా తక్కువైనా ఆకు రూపం మారిపోతుంది. కచ్చితంగా తేల్చాలంటే సూక్ష్మదర్శిని కింద క్రోమోజోములు లెక్కపెట్టాలి. స్పాతులేటాకు 40, టోకైయెన్సిస్‌కు 60. మా అరుగు మీద అది జరిగే పని కాదు. అందుకని ఆ చీటీ వెనక "స్పాతులేటా కావచ్చు, తేలలేదు" అని రాశాం. తేలనిదాన్ని తేలలేదు అని రాయడం కూడా ఒక నిజమైన చీటీయే, ప్రియులారా.

నాలుగవ కుండీ పెల్టేటా. సన్నని కాడ, దాని వెంట చంద్రవంకలాంటి ఆకులు. భూమిలో చిన్న దుంప ఉంటుంది. ఎండలకు పైనంతా ఎండి, దుంప మాత్రం బతికి, చల్లబడ్డాక మళ్ళీ లేస్తుంది. మన దేశంలో కొండ ప్రాంతాల మొక్క. ఇక్కడ సంగతి వేరు. చీటీ రాసినవాళ్ళు పొరబడలేదు, విత్తనమూ కలవలేదు. పేరే కదిలిపోయింది. పెల్టేటా అనే పేరును థన్‌బెర్గ్ 1797లో ఇచ్చారు. ఆసియా నుంచి ఆస్ట్రేలియా దాకా ఇట్లాంటి మొక్కలన్నిటినీ ఆ పేరుతోనే పిలుస్తూ వచ్చారు. 2012లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు వాటిని పక్కపక్కన పెట్టి కొలిచి, ఇవన్నీ ఒకటి కావు, మన ఆసియా మొక్కకు లునాటా అనే పాత పేరే తగినది అన్నారు. ఆ పేరు 1824 నుంచీ పుస్తకంలో ఉన్నదే. లునాటా అంటే చంద్రవంకలాంటిది అని అర్థం. మొక్క మారలేదు. దాన్ని చూసే చూపు ఇంకొంచెం తేటపడింది.

ఇక ఐదవది, అందరం ఎదురుచూసిన ఇండికా. సన్నగా పొడుగ్గా గడ్డిపోచల్లాంటి ఆకులు, నిటారుగా కాడ. చూడగానే ఇండికానే అనిపిస్తుంది. ఈ పువ్వులతో చిక్కేమంటే పొద్దున కొన్ని గంటలే తెరుచుకుంటాయి, ఎండ ఉంటేనే. రెండు ఆదివారాలు మబ్బు పట్టింది. మూడవ ఆదివారం ఆరాధన మొదలుకాకముందే తెరుచుకుంది. మూడు కీలాలు, ఒక్కొక్కటి రెండుగా చీలి ఉంది. ఇండికా గుర్తు అదే. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆ అమ్మాయి మాత్రం భూతద్దం కిందికి దించి ఆకు మొదళ్ళు చూస్తూ ఉండిపోయారు. తర్వాత మాకు ఇచ్చారు. ఆకు మొదట్లో పసుపు పచ్చని గాజుపూసల్లాంటివి ఉన్నాయి. వెలుతురు పడితే మెరుస్తున్నాయి. ఇండికాకు అవి ఉండవు.

అవి ఉండే మొక్క ఒకటుంది. ఆస్ట్రేలియా వాయవ్యాన కింబర్లీ అనే ప్రాంతంలో జర్మనీకి చెందిన హార్ట్‌మెయెర్ దంపతులు 1995లో దాన్ని గమనించారు. 2001లో దానికి వాళ్ళ పేరు మీద హార్ట్‌మెయెరోరమ్ అని పేరు పెట్టారు. అంతకు ముందు ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా ఈ రూపంలో ఉన్న ప్రతిదాన్నీ ఇండికా అనే అనేవాళ్ళు. 2013లో అలెన్ లౌరీ అనే ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు ఆ గుంపును ఇంకా విడదీసి అనేక జాతులుగా చూపించారు. అయినా విత్తనాలు చేతులు మారుతున్నప్పుడు పాత పేరే వెంట వస్తూ ఉంటుంది. మా అరుగు మీదికి కూడా అట్లాగే వచ్చింది. పువ్వు దాని వంశం చెప్పింది, పూస దాని ఊరు చెప్పింది.

ఇప్పుడు ఆలోచించండి. ఆ ప్రశ్న ఎవరూ అడగకపోయి ఉంటే ఏమయ్యేది? మన మొక్కను మన ఊరికి తెచ్చామని సంతోషపడుతూ సముద్రాల అవతలి మొక్కను చెరువులో చల్లేవాళ్ళం. అది మొలవకపోవచ్చు. మొలిస్తే ఏం చేస్తుందో ఎవరు చెప్పగలరు? సర్కారు తుమ్మ మన చెల్కల్లోకి ఎట్లా వచ్చింది? వయ్యారిభామ పొలం గట్ల మీదికి ఎట్లా వచ్చింది? చెరువుల నిండా గుర్రపుడెక్క ఎట్లా వచ్చింది? అవన్నీ ఎక్కడో పుట్టి మనుషుల వెంట ఇక్కడికి వచ్చినవే. ఈ రోజు వాటిని పీకలేక కూలి డబ్బులు పోసేది మన రైతులే. ఇంకొక నష్టం కూడా ఉంది. రేపు ఏ విద్యార్థో ఆ చెరువుకు వచ్చి ఆ మొక్కను చూస్తే, మక్తల్‌లో ఇది సహజంగా ఉంది అని రాసుకుంటారు. ఆ రాసింది ఇంకొకరు చదువుతారు. ఒక కుండీలోని తప్పు చీటీ ఒక కుండీకే నష్టం. చల్లిన తర్వాత ఆ తప్పును ఏరి వెనక్కి తెచ్చుకోలేం.

పేరు అనేది ఎవరిదో నోటి మాట. దాన్ని నమ్మవచ్చు, కాని పంచేముందు చూడాలి. ఐదు కుండీల దగ్గర మేము నేర్చుకున్నది ఇదే. మన దగ్గర ఉంచుకునేటప్పుడు కంటే ఇంకొకరి చేతిలో పెట్టేటప్పుడు మన బాధ్యత రెట్టింపు. విత్తనానికీ అంతే, వార్తకూ అంతే. చెట్టును దాని పండును బట్టి గుర్తించాలని మనకు చిన్నప్పటినుంచి నేర్పారు. ఆ నేర్పినదానిలో ఓపిక కూడా ఉందని ఈ మొక్కలు గుర్తుచేశాయి. పువ్వు రావాలంటే కాలం రావాలి. ఆకు చూసి తొందరపడితే ఇండికా అనే అనేవాళ్ళం. పువ్వుతోనే ఆగిపోయినా ఇండికా అనే అనేవాళ్ళం.

డార్విన్ 1875లో ఈ మొక్కల మీద ఒక పెద్ద పుస్తకమే వేశారు. ఆకు మీద మాంసపు తునక పెట్టి చూశారు, రాతి ముక్క పెట్టి చూశారు. రెండింటికీ వెంట్రుకలు వంగాయి. రాతి ముక్క మీద వంగినవి మాత్రం త్వరగా విడిచిపెట్టాయి. కళ్ళు లేని, చదువు లేని ఒక ఆకు తన ముందున్నది ఆహారమో రాయో తేల్చుకుంటుంది. ముందు పట్టుకుంటుంది, తర్వాత పరీక్షిస్తుంది, కాకపోతే వదిలేస్తుంది. మనకు అందిన ప్రతి మాటనూ అట్లా వదలగలమా?

ఇక ఆ తప్పు చీటీలను ఏం చేశాం అని అడుగుతారు. పిల్లలు పీకి పారేద్దామన్నారు. ఆ అమ్మాయి వద్దన్నారు. ఎండుమొక్కలను అట్టల మీద అంటించి దాచే హెర్బేరియాలలో ఒక పద్ధతి ఉందట. మొదట రాసిన చీటీ తప్పని తేలినా దాన్ని చింపరు, కొట్టివేయరు. పక్కన చిన్న కాగితం అంటిస్తారు. దాని మీద కొత్త పేరు, సరిచూసినవారి పేరు, సంవత్సరం. వంద ఏళ్ళ తర్వాత ఇంకొకరు వచ్చి ఇంకొక కాగితం అంటించవచ్చు. లిన్నేయస్ 1753లో ఇండికా అని పేరు పెట్టింది సింహళం నుంచి వచ్చిన ఎండుమొక్కను ఆధారం చేసుకునే. అనుమానం వచ్చినప్పుడల్లా ఆ మొదటి నమూనా దగ్గరికి వెళ్ళి పోల్చుకుంటారు.

ఆ లిన్నేయస్ శిష్యుడొకరు మన తెలుగు నేల మీదే కన్నుమూశారని మీకు తెలుసా? యోహాన్ గెరార్డ్ కోనిగ్. 1768లో తరంగంబాడి మిషనుకు వైద్యుడిగా వచ్చారు. రోగులను చూస్తూనే దక్షిణ దేశపు మొక్కలు ఏరి, ఎండబెట్టి, చీటీలు రాసి ఐరోపాకు పంపేవారు. 1785లో కాకినాడ జగన్నాథపురంలో చనిపోయారు. ఆ రోజుల్లో ఒక చీటీ ఓడ ఎక్కితే చేరడానికి నెలలు పట్టేది. చేరిన చోట ఆ మొక్కను బతికుండగా చూసినవాళ్ళు ఎవరూ ఉండరు. రాసిన చేతిని నమ్మడం తప్ప వాళ్ళకు దారి లేదు. అందుకే రాసే చెయ్యి నమ్మకమైనదై ఉండాలి.

మేము కూడా ఆ పద్ధతే పాటించాం. ఇండికా అనే పాత చీటీ అట్లాగే ఉంది. దాని పక్కన కొత్తది గుచ్చాం: హార్ట్‌మెయెరోరమ్, చూసిన నెల, చూసినవారి పేరు. పాత చీటీ ఎందుకు ఉంచామంటే, అది ఆ మొక్క మా దగ్గరికి ఏ దారిలో వచ్చిందో చెబుతుంది. దాన్ని చింపితే తప్పు పోదు, తప్పు జరిగిన దారి మాత్రం కనపడకుండా పోతుంది.

మనుషుల మీద మనం గుచ్చిన చీటీలు కూడా ఇక్కడ గుర్తుకొస్తాయి. ఎప్పుడో ఇరవై ఏళ్ళ కింద ఒకరికి తాగుబోతని పేరు పడింది. ఆయన మానేసి పదేళ్ళయింది. ఇంకా ఆ పేరుతోనే పిలుస్తున్నాం. ఒక అమ్మాయికి మొండిదని చీటీ. ఆమె మొండితనం వల్లనే ఇంటి అప్పు తీరింది. పాత చీటీని కాదనక్కర లేదు. పక్కన కొత్తది గుచ్చడానికి మనకేం అడ్డం?

బెంగళూరులో ఉన్న యువకుడికి ఫోన్ చేసి చెప్పాం. కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. "చల్లకపోవుడే మంచిదైంది అయ్యగారూ. నేను కూడ ఇద్దరికి ఇండికా అని విత్తనం ఇచ్చిన. ఇయ్యాల్నే వాళ్ళకు చెప్త" అన్నారు. ఆ సాయంత్రమే ఇద్దరికీ చెప్పారు. ఒకరు అప్పటికే ఇంకొకరికి ఇచ్చి ఉన్నారు. ఆయన కూడా ఫోన్ చేశారు. తప్పు చీటీ ఎంత దూరం పోయిందో, దిద్దుబాటు కూడా అంత దూరం నడవాల్సి వచ్చింది. నడిపించినందుకు ఆ తమ్ముణ్ణి మెచ్చుకుంటున్నాం.

విత్తనాలు అడిగినవారికి ఒక మాట. బర్మానై విత్తనం మాత్రం ఇస్తాం, చీటీతో సహా. హార్ట్‌మెయెరోరమ్ విత్తనం కాయలతో సహా కోసి కాగితంలో కట్టి పెట్టాం, బయటికి ఇవ్వం. తీసుకున్నవారు కుండీలోనే పెంచండి, చెరువులో వాగులో చల్లకండి. చూరు నీళ్ళు పట్టిపెట్టుకోండి. పువ్వు పూసిన పొద్దున ఐదు కీలాలు ఉన్నాయో లేదో మీరూ లెక్కపెట్టండి. మేము చెప్పామని నమ్మి ఊరుకోవద్దు. లెక్క తప్పితే మాకు చెప్పండి, పక్కన ఇంకొక చీటీ గుచ్చుకుంటాం.